చింతగింజల గంట

"బండెక్కేదాకా ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను వదినగారూ," అంది పుల్లమ్మ, భుజాన ఉన్న సంచి దించకుండానే.

తెల్లారకముందే బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి మారి వచ్చిన మనిషి. కూతురు ఎస్తేరుకి ఏడో నెల నడుస్తోంది. పురిటికి తీసుకుపోదామని డబ్బా నిండా చలిమిడి చేసుకుని వచ్చింది. వచ్చి చూస్తే కూతురు గదిలో మంచం మీద పడుకుని ఉంది. అల్లుడు బర్నబాస్ పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వసారాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. వియ్యపురాలు కాంతమ్మ గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"పొద్దుటి నుంచీ పొట్ట గట్టిపడి వదులుతోందంట. మీరేమో కాపలా ఉన్నట్టు కూర్చున్నారు."

"పిల్లని కదపొద్దన్నాను. అంతే అన్నాను," అంది కాంతమ్మ.

"కిందటిసారి కూడా కదపలేదుగా."

బర్నబాస్ తల దించుకున్నాడు. కాంతమ్మ దించుకోలేదు. తల దించుకోవడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో నర్సు చేసింది. ఈ ఊళ్ళో ఇవాళ మీసాలు దువ్వుకుంటూ తిరిగే కుర్రాళ్ళలో సగంమంది ఆవిడ చేతుల్లో పడి మొదటి ఏడుపు ఏడ్చినవాళ్ళే. రిటైరయ్యాక కూడా పల్లెల నుంచి బళ్ళు వచ్చి గుమ్మం ముందు ఆగేవి. రెండేళ్ళ కిందట, ఎనభై నాలుగులో, ఎస్తేరు తొలిచూలు బిడ్డ ఏడో నెలలోనే పుట్టి గంటన్నర బతికి పోయాడు. అప్పటినుంచీ ఆవిడ ఎవరి పొట్ట మీదా చెయ్యి వెయ్యలేదు. ఎవరైనా వస్తే, "చెయ్యి వెయ్యడం మానేశానయ్యా, తెనాలి తీసుకుపోండి," అని లోపలికి వెళ్ళిపోయేది.

ఊపిరాడని పసికందులకి, పాస్టరుగారు వచ్చేలోగా, తానే మూడుసార్లు నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చిన చెయ్యి అది. సొంత మనవడి వేళకి ఆ చెయ్యి ఇంట్లో లేదు. వాడు పేరు లేకుండానే మట్టిలోకి వెళ్ళాడు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తనంతమాత్రాన అది ఎక్కడికీ పోలేదు.

"పదకొండింటి బండికి వెళ్ళిపోతాం," అంది పుల్లమ్మ. "బాపట్లలో మాకు తెలిసిన డాక్టరుగారున్నారు. ఏడో నెలలో పిల్లని పంపడం మీకూ ఆనవాయితీయే గదా. ఆపడానికేముంది?"

"రైల్లో తెనాలి దాకా గంటన్నర. అక్కడ వంతెన మెట్లెక్కి దిగాలి. బాపట్ల బండికోసం బెంచీ మీద కూర్చోవాలి. అవి దొంగ నొప్పులైతే ఆ అవస్థంతా దండగ. నిజం నొప్పులైతే బిడ్డ దారిలో పుడతాడు. ఈ నెలల్లో పుట్టిన బిడ్డకి ఊపిరితిత్తులు పండవమ్మా. రైల్లో ఎవరు చూస్తారు?"

"అయితే అవి దొంగవో నిజమో తేల్చండి. నర్సు మీరే గదా."

కాంతమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"అమ్మా," అన్నాడు బర్నబాస్ నెమ్మదిగా. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు."

"పెట్టను."

"తెనాలి డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే ఆగమంటావు. చూడమంటే చూడనంటావు. మరి ఏం చెయ్యమంటావు?"

"నా చేతిని నేనే నమ్మడం లేదురా. నిన్ను నమ్మమని ఎట్లా చెప్పను?"

"ఈ రెండేళ్ళలో నేను నిన్ను ఒక్క మాట అన్నానా?"

"అనలేదు. అనవని తెలిసి రోజూ ఎదురుచూశాను. అని ఉంటే బాగుండేది."

బర్నబాస్ స్తంభం మీదనుంచి చెయ్యి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

అప్పుడు గదిలోంచి పిలుపు వినిపించింది.

"అత్తయ్యగారూ. మీరే చూడండి."

"నువ్వూరుకో ఎస్తేరూ," అంది పుల్లమ్మ. "ఒకసారి ఆ చేతిని నమ్మి చూశాం. చాలు."

"నువ్వే ఊరుకో అమ్మా," అంది ఎస్తేరు.

ఆ పిల్ల పెళ్ళై ఈ ఇంటికొచ్చి అయిదేళ్ళు. అత్తగారి ముందు కుర్చీలో కూర్చోదు. జ్వరమొచ్చినా తగ్గిందనే చెబుతుంది. అలాంటి పిల్ల తల్లిని ఊరుకోమనడం విని ముగ్గురూ గది వైపు చూశారు. కాంతమ్మ కుర్చీలోంచి లేచింది.

ట్రంకుపెట్టె అడుగున, తెల్లచీరల మడతల్లో, పిన్నీసుతో గుండెల దగ్గర గుచ్చుకునే నర్సుల వాచీ ఉంది. అది రెండేళ్ళ నుంచీ ఆగిపోయి ఉంది. ఆవిడ కీ ఇచ్చింది. కొడుకు చేతి గడియారం చూసి ముళ్ళు సరిచేసి, గుండెల దగ్గర గుచ్చుకుంది.

"హనుమయ్య టాక్సీ తెచ్చి వీధిలో నిలబెట్టు. అవసరమైతే తెనాలి పోదాం, లేకపోతే పంపేద్దాం," అంది కొడుకుతో. తరవాత వంటింట్లోకి వెళ్ళి రెండు గిన్నెలూ, గుప్పెడు చింతగింజలూ తెచ్చుకుంది.

పుల్లమ్మకి ఆ గింజలెందుకో తెలియదు. ఆసుపత్రిలో ఆవిడ చేతికింద పని నేర్చుకున్న ప్రతి పిల్లకీ తెలుసు. పొట్ట బిగిసిన ప్రతిసారీ ఒక గింజ. ఉత్త బిగింపైతే ఎడమ గిన్నెలో, నొప్పైతే కుడి గిన్నెలో. గంటసేపు చెయ్యి తియ్యకూడదు, గర్భిణితో మాట్లాడకూడదు. నోటిని అడక్కండి, చేతిని అడగండి అని శిష్యురాళ్ళకి చెప్పేది. ఆడవాళ్ళు నొప్పి గురించి ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పరని, కొందరు గోరంతకి ఇల్లు ఎగరగొడతారని, కొందరు ప్రాణం పోతున్నా బానే ఉందంటారని ఆవిడ అనుభవం.

స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని, కుడిచెయ్యి చాపి, ఎస్తేరు పక్కటెముకల కింద, పొట్ట పైభాగాన ఆనించింది.

వాచీలో పదింబావు.

మొదటి బిగింపు నాలుగు నిమిషాలకి వచ్చింది. పొట్ట ఒకపక్క ఉబ్బి, గట్టిపడి, ఇంకోపక్క మెత్తగానే ఉండి, చెదిరిపోయింది. కాంతమ్మ ఒక గింజ ఎడమ గిన్నెలో వేసింది.

పుల్లమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. భుజాన సంచి అలాగే ఉంది.

"అదేంటి, బిగిసింది గదా. నొప్పి కాదా?"

"కాదు. గర్భసంచి కండే గదమ్మా. నాలుగైదు నెలల నుంచీ ఊరికే అప్పుడప్పుడూ బిగుస్తూనే ఉంటుంది."

"నొప్పులు రాకముందే ఎందుకు బిగవాలి?"

కాంతమ్మ చెయ్యి తియ్యకుండానే, కళ్ళు వాచీ మీదనే ఉంచి చెప్పింది.

"నిజాంపట్నంలో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ ఒడ్డున వల లాగుతారు. అందరూ రాకముందు, వచ్చినవాళ్ళు తలా ఒకచోట తాడు పట్టుకుని గుంజుతుంటారు. తాడు బిగుస్తుంది గానీ వల కదలదు. మనుషులంతా వచ్చి ఒక్క కేకకి కలిసి లాగితేనే వల ఒడ్డుకొస్తుంది. గర్భసంచి కూడా అంతే. నెలలు నిండేదాకా ఆ కండలో ఏ పోగుకాపోగు విడిగా బిగుస్తుంది, బిడ్డ కదలడు. నెలలు నిండేసరికి ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు పైన మొదలైన బిగింపు కిందిదాకా ఒక్కటై దిగుతుంది. సంచి మూతి తెరుచుకుంటుంది."

"మరి ఏడో నెలలోనే పట్టుకుంటే?"

కాంతమ్మ చూపు ఖాళీగా ఉన్న కుడి గిన్నె మీదికి వెళ్ళింది.

"నొప్పులు రావడానికిచ్చే సూదిమందుంది. ఆరో నెలలో ఇస్తే ఆ సంచి దాదాపు పలకదు. తొమ్మిదో నెలలో అందులో కొంచెం ఇస్తే చాలు. సంచి తయారు కాకుండా ఎవరి మాటా వినదు. ఒక్కోసారి ఎందుకో ముందే తయారవుతుంది. ఎందుకో మా పెద్ద డాక్టరమ్మకి కూడా తెలియదు. తొలి నొప్పుల్లో పట్టుకుంటే నెమ్మదించడానికి మందులున్నాయి. కొన్ని రోజులు ఆపినా బిడ్డకి మేలే. ఆలస్యమైతే ఆపలేం."

ఆలస్యమనే మాట ఆవిడ నోట్లోంచి మామూలుగానే వచ్చింది గానీ, పుల్లమ్మ కూతురి వైపు చూసింది.

రెండో గింజ ఎడమవైపు పడింది. మూడోదీ అంతే. నాలుగోసారి బిగింపు సరిగ్గా అరచేతి కింద, పైన మొదలై కిందికి జారింది. ఎస్తేరు ఊపిరి బిగబట్టింది. కాంతమ్మ గింజ పట్టుకుని ఒక క్షణం ఆగి, కుడి గిన్నెలో వేసింది. ఆ చప్పుడుకి పుల్లమ్మ గుమ్మం పట్టుకుంది.

గంట గడిచేసరికి ఎడమ గిన్నెలో ఆరు, కుడి గిన్నెలో రెండు. కుడివైపు మూడు పడి ఉంటే కాంతమ్మ అప్పుడే టాక్సీ ఎక్కించేది. ఒక్కటే ఉంటే నిశ్చింతగా పడుకోమనేది. రెండు ఎటూ చెప్పవు.

"రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగించండి. ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టండి," అంది. "దొంగవైతే నీళ్ళకీ విశ్రాంతికీ సర్దుకుంటాయి. అరగంట చూద్దాం."

నీళ్ళు పుల్లమ్మే తెచ్చింది. కూతురి తల కింద చెయ్యి పెట్టి తాగించింది. అలా తాగించడానికి సంచి దించవలసి వచ్చింది. తెలిసే దించిందో, తెలియకే దించిందో మరి.

అరగంటలో పొట్ట ఒక్కసారే బిగిసింది. అది కూడా పైపైన వచ్చి పోయింది. తరవాత పావుగంట మెత్తగా ఉంది. కాంతమ్మ అరచేతి కింద బిడ్డ ఒకసారి కాలు ఝాడించాడు. ఆవిడ ముఖంలో రెండేళ్ళుగా బిగిసి ఉన్నదేదో వదులైంది. ఇలా వదులవాలని ఆ ఇంట్లో అందరూ కోరుకున్నారు, అందరికంటే ఎక్కువ ఆవిడే కోరుకుంది. అంత గట్టిగా కోరుకునేటప్పుడు చేతికి కూడా కోరుకున్నదే తగులుతుంది. ఈ సంగతి ఆవిడ శిష్యురాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

వీధిలో హనుమయ్య హారన్ కొట్టాడు. చెరుకుపల్లి పెళ్ళివారికి మధ్యాహ్నం కారు ఒప్పుకున్నానని అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

"అమ్మా, ఏం చెప్పమంటావు?" అన్నాడు బర్నబాస్.

"సర్దుకుంది. పంపించెయ్."

బర్నబాస్ గుండెల నిండా గాలి పీల్చుకుని వీధిలోకి వెళ్ళాడు. పుల్లమ్మ సంచిలోంచి చలిమిడి డబ్బా తీసి మూత విప్పింది.

"పదకొండింటి బండి ఎలాగూ పోయింది. సాయంత్రం బండీ వద్దులెండి వదినగారూ," అంది మొదటిసారిగా మెత్తగా. "నేనే నాలుగురోజులుండి చూసి తీసుకెళ్తాను. ఇంద, మీరూ కాస్త నోట్లో వేసుకోండి."

కాంతమ్మ డబ్బా కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఎస్తేరు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కిందనుంచి ఆ పిల్ల కుడిచెయ్యి తలవైపుకి వచ్చి మంచం పట్టెని పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ముఖం కనబడటం లేదు. మూలుగు వినబడటం లేదు. ఆ చెయ్యి మాత్రం పట్టెని వదలడం లేదు.

కాంతమ్మ మంచానికీ గోడకీ మధ్యకి వెళ్ళి, కోడలి ముఖానికెదురుగా కింద కూర్చుంది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఆవిడ నేల మీద కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఆవేళ కూడా నీ చెయ్యి ఇట్లాగే ఉంది," అంది.

ఎస్తేరు కళ్ళు మూసుకుంది.

"పల్లెకోన నుంచి బండొచ్చి వీధిలో ఉంది. అక్కడ బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. నేను తెల్లచీర కట్టుకుని, వాచీ పెట్టుకుని, నీ గదిలోకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను. తగ్గిందా అని అడిగాను. తగ్గిందండి అన్నావు. నేను వెళ్ళిపోయాను. ఆ తల్లీబిడ్డా ఇవాళ బానే ఉన్నారు. ఆ పిల్లాడికి నా పేరు కలిసొచ్చేలా పేరు పెట్టారు."

"అత్తయ్యగారూ, ఇప్పుడెందుకండి."

"నీ చెయ్యి చూశాను ఎస్తేరూ. ఆవేళ ఈ పట్టె పట్టుకున్న నీ చెయ్యి చూశాను. ఊరందరికీ చేతిని అడగమని చెప్పినదాన్ని, నీ దగ్గర కూర్చోకుండా, నీ నోటిమాట చాలనుకుని బండెక్కాను. అది నాకు కావలసిన మాట గనక తీసుకున్నాను. రెండేళ్ళ నుంచీ నిద్రలో కూడా ఆ చెయ్యే కనిపిస్తోంది."

పుల్లమ్మ చేతిలో డబ్బా మూత గణగణమని నేలమీద దొర్లింది. ఎవరూ తీయలేదు.

ఎస్తేరు కళ్ళు తెరిచింది.

"ఆవేళ తగ్గలేదండి. మీ మొహం చూసి తగ్గలేదని చెప్పలేకపోయాను. బండివాడు తొందరపెడుతున్నాడు. అక్కడ ఆమె చచ్చిపోతుందేమోనన్నారు. నాది అంత కాదేమోలే అనుకున్నాను." ఊపిరి తీసుకుంది. "తరవాత అందరూ మిమ్మల్నే అన్నారు. మా అమ్మ అంది. చర్చి దగ్గర ఆడవాళ్ళన్నారు. ఒక్కమాట చెబితే సగం నా మీదికి వచ్చేదండి. రెండేళ్ళు చూస్తూ ఊరుకున్నాను."

పుల్లమ్మ మంచం కాళ్ళవైపు నేల మీద కూర్చుంది. "నాక్కూడా చెప్పలేదేంటే," అనబోయి, వియ్యపురాలి ముఖం చూసి ఆ మాట మింగేసింది. రెండేళ్ళుగా బాపట్లలో తాను నలుగురి ముందూ అన్న మాటలన్నీ ఆమెకి గుర్తొస్తున్నాయి కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాంతమ్మ కోడలి చేతిని పట్టె మీదనుంచి విడిపించి తన చేతిలోకి తీసుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడడుగుతున్నాను. నా చెయ్యి సర్దుకుందంటోంది. ఈ చెయ్యి ముసలిదైపోయింది, దాన్ని పక్కనపెట్టు. నన్ను చూసి చెప్పకు. మీ అమ్మని చూసి చెప్పకు. నీ ఒంట్లో సంగతి చెప్పు. తగ్గిందా?"

గదిలో వాచీ చప్పుడు వినిపిస్తోంది. వీధిలో కారు స్టార్టయింది.

ఎస్తేరు పెదవులు ఎప్పటి మాటకోసమో కదిలి ఆగిపోయాయి. ఆ ఇంట్లో అయిదేళ్ళుగా అలవాటైన జవాబు అది, దానంతటదే నోటికొస్తుంది.

"లేదండి," అంది.

ఆ మాట అన్నాక ఆపుకోలేకపోయింది. "పొట్టలో కాదండి. వెనక, నడుం కింద వస్తోంది. నీళ్ళు తాగాక కూడా వస్తోంది. మీరు పైన చెయ్యి పెట్టారు, కిందకి గుంజుతోందని చెప్పడానికి సిగ్గేసింది. ఇందాకటినుంచీ అయిదుసార్లొచ్చింది. నేను లెక్కపెట్టుకున్నాను."

కాంతమ్మ మోకాళ్ళమీద లేచి, ఎడమచెయ్యి ఎస్తేరు నడుం కిందా, కుడిచెయ్యి పొత్తికడుపు మీదా ఉంచింది. ఒక నిమిషం ఏమీ లేదు. తరవాత రెండు చేతుల మధ్యా అడుగున చిన్నగా మొదలై, బిగిసి, గట్టిపడి, అలాగే నిలిచి, నెమ్మదిగా వదిలింది. పైభాగం మీద పెట్టిన చేతికి, రెండేళ్ళు పని మానేసిన చేతికి, ఇది అందలేదు.

ఆవిడ ఎడమ గిన్నెలో గింజలు అయిదు తీసి కుడి గిన్నెలో వేసింది. ఇప్పటిదానికి ఇంకొకటి వేసింది.

"బర్నబాస్," అని పిలిచింది. ఆవిడ గొంతు పెంచడం ఆ వీధికి కొత్త. "కారు ఆపు. తెనాలి పోవాలి."

బర్నబాస్ అప్పుడే వసారా మెట్లెక్కుతున్నాడు. తల్లి ముఖం చూశాడు, గింజలు చూశాడు, ఏమీ అడగలేదు. చెప్పులు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. కారు అప్పటికే సందు మలుపు తిరిగింది. వీధి చివర దుమ్ము మాత్రమే కనిపిస్తోంది.

పుల్లమ్మ లేచింది. చలిమిడి డబ్బా పక్కకి నెట్టి, దుప్పటీ దిండూ చంకన పెట్టుకుంది. "బాపట్ల మాట నేనిక ఎత్తను వదినగారూ. మీరెక్కడికంటే అక్కడికే," అంది.

కాంతమ్మ గుండెల దగ్గర పిన్నీసు విప్పి, వాచీ తీసి పుల్లమ్మ చేతిలో పెట్టింది.

"నాకు రెండు చేతులూ కావాలి. నిమిషాలు నువ్వు చూడు."

పుల్లమ్మ వాచీని రెండు చేతులతో పట్టుకుంది. ముళ్ళు పన్నెండుకి దగ్గరపడుతున్నాయి. తెనాలి డాక్టరమ్మ పన్నెండింటికి ఆపరేషన్లకి వెళితే మళ్ళీ నాలుగింటికి గానీ బయటికి రాదు. ఇక్కడినుంచి తెనాలికి, ఆ రోడ్డు మీద, ఎంత తోలినా గంట పైనే. బర్నబాస్ ఇంకా రాలేదు. సందులో కారు చప్పుడు లేదు.

కాంతమ్మ వంగి కోడలి చెమటపట్టిన నుదురు తుడిచింది. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు.

"మళ్ళీ వస్తోందండి," అంది ఎస్తేరు.